బి.జడ్.ఎ.లో బెజవాడ

విజయవాడ వెళ్ళొచ్చిన రైలు టికెట్టు మీ సంచిలోనో ఫోనులోనో ఉంటే ఒకసారి తీసి చూడండి. ఊరి పేరు పక్కనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి: బి.జడ్.ఎ. విజయవాడ అన్న మాటలో ‘బి’ ఎక్కడుంది, ‘జడ్’ ఎక్కడుంది అని ఎప్పుడైనా అనిపించిందా? అది బెజవాడండీ. స్టేషను బోర్డు మీంచి ఆ పేరు దిగిపోయి దశాబ్దాలయింది. అయినా రైల్వే వారి పద్దుల్లో ఆ జంక్షను గుర్తు ఈనాటికీ బెజవాడదే. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ బెజవాడ అనే అనేది, కొత్త పేరు ఆవిడ నోట నేను వినలేదు. ఆ మూడక్షరాలు కనబడినప్పుడల్లా నాకు అమ్మ గొంతు వినిపిస్తుంది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కాకినాడ టౌను స్టేషను గుర్తు సి.సి.టి. అందులో మొదటి ‘సి’ తెల్లదొరలు రాసుకున్న కొకనాడాది. చెన్నై సెంట్రల్‌కు 2019లో ఎం.జి.ఆర్. పేరు పెట్టి బోర్డులన్నీ మార్చారు. గుర్తు మాత్రం ఎం.ఎ.ఎస్., అంటే మద్రాసు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో మళ్ళీ పాత పేరుకు వచ్చింది. అక్కడ దిగే విమానంలో వేసే పెట్టెలకు ఇప్పటికీ ఎల్.ఇ.డి. అన్న చీటీయే కడతారు. లెనిన్ పేరు ఊరి మీంచి పోయింది గానీ సామాన్ల చీటీ మీంచి పోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుకొస్తున్నానో చెప్తాను. అమెరికాలో ఉన్న మా మనవరాలికి బడిలో ఒక పని ఇచ్చారు. మీ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు తరాలు వెనక్కి వెళ్ళి మ్యాపు మీద చూపించమన్నారట. ‘అమ్మమ్మా, మీ ఊరి పేరు చెప్పు, నేను పెట్టేస్తా’ అంది. చెప్పాను. రెండు నిమిషాల్లో పెట్టేసింది. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అది మా ఊరు కాదు. అదే పేరున్న మరో ఊరు, కర్నూలు వైపు ఉంది. మా ఊరేమో ఒంగోలుకు దగ్గర. ఆ పేరుగల ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఎన్ని ఉన్నాయో! మీకూ తెలుసు కదా, కొత్తపల్లి అన్నా, రామాపురం అన్నా, గొల్లపాలెం అన్నా ‘ఏ కొత్తపల్లి?’ అని అడగందే మాట ముందుకు సాగదు.

‘జిల్లా పేరు కూడా చెప్పు అమ్మమ్మా, అప్పుడు కరెక్టుగా వస్తుంది’ అంది పిల్ల. అక్కడే చిక్కంతా.

ఆ సాయంత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె అటక మీంచి దింపించాను. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. అడుగున గుడ్డలో చుట్టి నాలుగు కాగితాలున్నాయి. మొదటిది మా ముత్తాత కొన్న చేను దస్తావేజు, 1901 నాటిది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక పల్చటి గుడ్డ అతికించారు. అందులో ‘నెల్లూరు జిల్లా, ఒంగోలు తాలూకా’ అని ఉంది. రెండోది మా తాతయ్య శిస్తు కట్టిన రసీదు. దానిమీద గుంటూరు జిల్లా. మూడోది మా తమ్ముడు అయిదో తరగతి పాసైన సర్టిఫికెట్టు, 1971. అందులో ఒంగోలు జిల్లా. నాలుగోది నా పెళ్ళి శుభలేఖ, 1977. పసుపు మరకల మధ్య ప్రకాశం జిల్లా అని అచ్చయి ఉంది.

నాలుగు కాగితాలు, నాలుగు జిల్లాలు. ఇల్లు మాత్రం ఒక్కటే. అదే అరుగు, అదే నూతిపళ్ళెం, అదే వేపచెట్టు.

జరిగింది ఇదీ. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకాను నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంతకొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా సంగతి అది. రాష్ట్రం సంగతి అడిగితే మద్రాసు, 1953 నుంచి ఆంధ్ర, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు కూడా పోయి మండలాలు వచ్చాయి. మా నాన్న పుట్టిన గుమ్మంలోంచి కదలకుండా మూడు రాష్ట్రాల్లో, మూడు పేర్ల జిల్లాల్లో కాపురం చేశారు. చీరాల దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊరు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఆ ఊరి ముసలివాళ్ళు చిన్నప్పుడు గుంటూరు జిల్లా వాళ్ళు, తరవాత ప్రకాశం జిల్లా వాళ్ళు, ఇప్పుడు బాపట్ల వాళ్ళు.

పేర్లు మార్చకూడదని నేననడం లేదు. ప్రకాశం పంతులుగారి పేరు మా జిల్లాకు ఉండడం మాకందరికీ గర్వమే. కొత్త జిల్లా వస్తే కలెక్టరాఫీసు దగ్గరవుతుంది, మంచిదే. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పేరు మారినప్పుడు పాత పేరున్న కాగితాలు అనాథలైపోతాయి. ఆ దస్తావేజు పట్టుకుని ఒకసారి ఒక ఆఫీసుకు వెళ్ళాను. ‘జిల్లా కలవడం లేదమ్మా, ఇది నెల్లూరు జిల్లా వాళ్ళు చూడాలి’ అన్నారు. అప్పటికి మా జిల్లాయే పుట్టలేదు నాయనా అని నేనెంత చెప్పినా కుర్చీలో కూర్చున్న కుర్రవాడికి ఎక్కలేదు. మూడుసార్లు తిరిగాక, ఆ గదిలో మూల కూర్చున్న పెద్దాయన ఒకరు కాగితం అడిగి తీసుకున్నారు. జిల్లా పేరు జోలికే పోలేదు ఆయన. వేలు కిందికి జరిపి సర్వే నంబరు దగ్గర ఆపారు. తన రిజిస్టరు తెరిచి ఆ నంబరు చూసి, ‘ఇదే అదండీ’ అన్నారు. అంతే, పని అయిపోయింది.

మా నాన్న ఉంటే ఎంత సంతోషపడేవారో. ఆయన కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా ఊరి అడంగలు ఆయన చేతిమీదే నడిచింది. ఆయన మమ్మల్ని పొలాలెంట తిప్పుతూ ఒక మాట అంటుండేవారు: ‘చెక్కుబందీ చదివి పొలానికి పోతే దారి తప్పుతారు, నంబరు చదివి పొండి.’ చెక్కుబందీ అంటే తెలుసు కదా, దస్తావేజులో రాసే నాలుగు వైపుల హద్దులు. మా ముత్తాత కాగితంలో ఇలా ఉంది: తూర్పున ఫలానా వారి చేను, దక్షిణాన బండ్ల డొంక, పడమట చింతచెట్టు, ఉత్తరాన వాగు. తూర్పు చేను వాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయి ఎనభై ఏళ్ళయింది. డొంక తారురోడ్డులో కలిసింది. చింతచెట్టు 1977 తుపానుకు పడిపోయింది. వాగు ఒకటే మిగిలింది, అదీ కాస్త పక్కకు జరిగింది. హద్దులు నాలుగింట్లో మూడు పోయినా చేను పోలేదు. సర్వే రాళ్ళున్నాయి, ఎఫ్.ఎం.బి. అనే కొలతల పుస్తకంలో గీతలున్నాయి, నంబరుంది. చిన్నప్పుడు ఆ రాళ్ళ మీద కూర్చుంటే నాన్న ఏమనేవారు కాదు. ఎవరైనా రాయి కదిపారని తెలిస్తే మాత్రం అన్నం మానేసి పరుగెత్తేవారు.

ఇప్పుడు రీసర్వే అయిన ఊళ్ళలో ఆ సర్వే నంబర్లు కూడా పోయి ఎల్.పి. (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వస్తున్నాయి. ఉపగ్రహాల సాయంతో కొలిచిన కొలతలు పాత గొలుసు కొలతల కన్నా కచ్చితమైనవి, అందులో సందేహం లేదు. నా మొర ఒక్కటే. పాత నంబరు ఒక గడిలో, కొత్త నంబరు పక్క గడిలో రాసిన పట్టిక ప్రతి ఊళ్ళోనూ భద్రంగా ఉండాలి. ఆ పట్టిక లేకపోతే మా ముత్తాత దస్తావేజుకు ఈసారి నంబరు కూడా సాక్ష్యం చెప్పదు.

ఊరిని పేరుతో కాకుండా ఇంకో గుర్తుతో పట్టుకోవాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. మన రాగిరేకుల శాసనాలు చూడండి. రాజుగారు ఒక ఊరిని పండితులకు దానమిస్తారు. ఇచ్చేటప్పుడు తన పేరో, తన తల్లి పేరో, దేవుడి పేరో కలిపి ఊరికి కొత్త పేరు పెడతారు. శాసనంలో దాన్ని ప్రతినామం అంటారు. పాత పేరు ఇది, ప్రతినామం ఇది అని రెండూ చెక్కిస్తారు. అంతటితో ఆగరు. శాసనమంతా సంస్కృతంలో నడిచినా, ఊరి ఎల్లలు చెప్పేచోట తెలుగులోకి దిగిపోతారు చాలాసార్లు. ఈశాన్యాన పుట్ట, ఆగ్నేయాన గుండు, దక్షిణాన చెరువు అలుగు అని వరసగా చెబుతారు. రాజు పెట్టిన పేరు నిలవకపోయినా నేల దొరకాలని ఆ ఏర్పాటు. ఎన్నో అగ్రహారాల ప్రతినామాలు ఇవాళ శాసనంలో తప్ప మరెక్కడా వినబడవు, పాత పేర్లతోనే ఊళ్ళు నడుస్తున్నాయి. పాలమూరు చూడండి. ఆరో నిజాం పేరుతో మహబూబ్‌నగర్ అయినా జనం నోట పాలమూరు పోయిందా? నిజామాబాదును ఇందూరు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

సరే, పిన్‌కోడు సంగతికొద్దాం. అది మనందరి చేతివేళ్ళ మీద ఉన్నదే కదా. 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించినాయన శ్రీరామ్ భికాజీ వేలంకర్, తపాలా శాఖలో పెద్ద అధికారి, పైగా సంస్కృత కవి. ఇన్ని భాషలున్న దేశంలో, ఒకే పేరున్న ఊళ్ళు ఇన్ని ఉన్న దేశంలో, ఒకే ఊరిని నలుగురు నాలుగు రకాల స్పెల్లింగుతో రాస్తున్నప్పుడు ఉత్తరం చేరడమెలా అన్న ప్రశ్నకు ఆయన ఆరంకెల్లో జవాబు చెప్పారు. మొదటి అంకె దేశంలో ఏ ప్రాంతమో చెబుతుంది. మన తెలుగు రాష్ట్రాలదీ కర్ణాటకదీ అయిదు. రెండో అంకె కలిస్తే ఇంకాస్త దగ్గరికొస్తాం, తెలంగాణకు 50, మనకు 51, 52, 53. మూడో అంకెతో సంచులు విడదీసే జిల్లా తెలుస్తుంది. చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసువి. ఒంగోలు 523001. ఊరి పేరు ఏ భాషలో ఎలా రాసినా, ఈ ఆరంకెలు సరిగ్గా ఉంటే ఉత్తరం దారి తప్పదు. మా ఊరి పోస్టుమాన్‌కు తెలుగు తప్ప రాదు. దుబాయి నుంచి కొడుకు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం తల్లికి చేరిందంటే వేలంకర్ గారి పుణ్యమే.

అయితే మా మనవరాలికి పిన్‌కోడు ఇస్తే సరిపోతుందా? సరిపోదు. దేశంలో పిన్లు 19 వేల పైచిలుకు, ఊళ్ళేమో 2011 జనగణన ప్రకారం 6 లక్షల 40 వేల పైచిలుకు. అంటే సగటున ముప్పైకి పైగా ఊళ్ళు ఒక్క పిన్ను కిందికి వస్తాయి. పైగా పిన్ను పుట్టింది ఉత్తరాల సంచి కోసం. సంచి ఏ దారిన పోతే అదే దాని లోకం, రాష్ట్రాల హద్దులతో దానికి పని లేదు. యానాం పుదుచ్చేరిది, పిన్ను మాత్రం 533464, చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ళ వరసలోది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అక్కడి పిన్లు ఖమ్మం వరసలోని 507తో మొదలయ్యేవే. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాదేనని ఇక్కడ గుర్తు చేసుకోండి. ఆ కొండల్లో పుట్టిన ముసలమ్మ ఒకావిడ తూర్పు గోదావరిలో పుట్టి, ఖమ్మంలో పెళ్ళాడి, మళ్ళీ తూర్పు గోదావరిలో మనవల్ని ఎత్తుకుని ఉంటుంది.

మరి ఊరికే ఒక నంబరుందా అంటే ఉంది. జనగణన వాళ్ళు 2011లో దేశంలో ప్రతి ఊరికీ ఆరంకెల సంఖ్య ఇచ్చారు. పట్టణాలకు 8తో మొదలయ్యేవి కేటాయించారు. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కూడా ప్రతి ఊరికీ, మండలానికీ, జిల్లాకూ ఒక సంఖ్య ఉంటుంది. ఊరి పేరు మార్చితే పేరు గడిలో కొత్త పేరు పడుతుంది, సంఖ్య కదలదు. మా తమ్ముడు పంచాయతీ ఆఫీసులో అడిగి మా ఊరి సంఖ్య రాసి పంపించాడు. అది చూసినప్పుడు నాకు కలిగిన నిశ్చింత మీకెలా చెప్పను! ఆ పేరున్న ఊళ్ళన్నిట్లోనూ ఇది మాది, మాదొక్కటే.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, అది నాకు చాలా నచ్చింది, వినండి. ఉత్తరాంధ్ర వాళ్ళు పూర్వం బతుకు వెతుక్కుంటూ బర్మా వెళ్ళేవారు కదా. రంగూన్‌ను రంగం అనేవాళ్ళు. ఆ బర్మా 1989లో మయన్మార్ అయింది. దేశాలకు రెండక్షరాల గుర్తు ఒకటి, ఐక్యరాజ్యసమితి గణాంకాల వాళ్ళిచ్చే మూడంకెల సంఖ్య ఒకటి ఉంటాయి. పేరు మారగానే అక్షరాల గుర్తు బి.యు. నుంచి ఎం.ఎం.కు మారింది. సంఖ్య మాత్రం 104, అప్పుడూ ఇప్పుడూ. ఎందుకంటే నేల మారలేదు. ఇథియోపియా కథ దీనికి తిరగేసినది. 1993లో ఎరిట్రియా విడిపోయింది. ఇథియోపియా పేరు అదే, అక్షరాలూ అవే, సంఖ్య మాత్రం 230 నుంచి 231 అయింది. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయినప్పుడు సూడాన్ సంఖ్య 736 పోయి 729 వచ్చింది. పేరు మారితే సంఖ్య కదలకూడదు, నేల మారితే పేరు అదే అయినా సంఖ్య మారాలి. ఇంత తెలివైన నియమం ఎవరు ఆలోచించారో గానీ మా నాన్న వింటే వాళ్ళకు కరణీకం ఇచ్చేసేవారు.

ఆ నియమం ఎందుకు అవసరమో మన జిల్లాలను చూస్తే తెలుస్తుంది. మనకు పేరు మారిన ఊళ్ళ కన్నా, పేరు నిలిచి నేల మారిపోయిన జిల్లాలతోనే ఎక్కువ ఇబ్బంది. తూర్పు గోదావరి అనగానే మీ మనసులో ఏం మెదులుతుంది? కాకినాడ, కోనసీమ, అన్నవరం, అంతేనా? 2022 ఏప్రిల్ 4 తరవాత అవేవీ ఆ జిల్లాలో లేవు. జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలోది! పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణంగా ఉన్న ఏలూరు ఆ జిల్లాలోనే లేదు, భీమవరం ఉంది. వరంగల్ మరీ చిత్రం. 2016లో పాత జిల్లాను ముక్కలు చేసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2015లో ఒకరు వరంగల్ జిల్లా దిగుబడి రాశారనుకోండి, 2023లో మరొకరు వరంగల్ జిల్లా దిగుబడి రాశారనుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చేవాడు వేరువేరు నేలలను పోలుస్తున్నాడు, ఆ సంగతి వాడికి తెలియదు. ఎక్కడో ఒక మూల జిల్లా సంఖ్య రాసి ఉంటే వెంటనే పట్టుకునేవాడు.

మన రాష్ట్రం విషయంలోనూ ఇదే జరిగింది. 2014కు ముందు ఆంధ్రప్రదేశ్ సంఖ్య 28. విభజన తరవాత తెలంగాణకు 36 ఇచ్చారు. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌ను ఏం చేయాలి? పంచాయతీరాజ్ వారి డైరెక్టరీ 28నే ఉంచింది. పన్నుల వాళ్ళు 28ని ఉమ్మడి రాష్ట్రానికి వదిలేసి, కొత్త ఆంధ్రప్రదేశ్‌కు 37 ఇచ్చారు. బెజవాడలో ఏ బట్టల కొట్టు బిల్లయినా తీసి చూడండి, కొట్టువారి జి.ఎస్.టి. నంబరు 37తోనే మొదలవుతుంది. నాకు పన్నుల వాళ్ళ పద్ధతే సబబనిపిస్తుంది. పాత 28 మనందరం కలిసున్ననాటి రాష్ట్రానిది. ఆ నాటి లెక్కలు ఆ సంఖ్య కింద కదలకుండా ఉంటే, ఇరవై ఏళ్ళ తరవాత చదివేవాళ్ళు ఏ ఆంధ్రప్రదేశ్ అని తడబడరు.

ఏ సంఖ్యను దేనికి ముడివేశారో తెలుసుకోవడమే దీంట్లో అసలు కిటుకు. హైదరాబాదు విమానాశ్రయం ఉదాహరణ చెప్తాను. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది కదా. టికెట్టు మీద రాసే హెచ్.వై.డి. గుర్తు కూడా మూటాముల్లే సర్దుకుని శంషాబాదు వెళ్ళిపోయింది, బేగంపేటకు బి.పి.ఎం. అని కొత్తది ఇచ్చారు. పైలట్లు వాడుకునే నాలుగక్షరాల గుర్తు వేరే ఉంటుంది. అది వి.ఒ.హెచ్.వై. అది కదలలేదు, బేగంపేట రన్‌వేనే పట్టుకుని ఉంది. శంషాబాదుకు వి.ఒ.హెచ్.ఎస్. అని ఇచ్చారు. ప్రయాణికుడికి కావలసింది ఊరు, పైలట్‌కు కావలసింది నేల. కాబట్టి ఒక గుర్తు ఊరితో నడిచింది, ఒకటి నేలనంటి ఉంది. రెండూ సరైనవే.

సరికానిదేమిటో కూడా చెప్పేస్తాను. పేరు మార్చినప్పుడు గుర్తును కూడా మార్చేయడం. మొగల్‌సరాయి స్టేషనుకు 2018లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టి, ఎం.జి.ఎస్. గుర్తును డి.డి.యు. చేశారు. అలహాబాదు జంక్షను ప్రయాగ్‌రాజ్ అయినప్పుడు ఎ.ఎల్.డి. పోయి పి.ఆర్.వై.జె. వచ్చింది. బోర్డు మీద ఏ పేరైనా రాసుకోవచ్చు, అది ప్రజల ఇష్టం, ప్రభుత్వం ఇష్టం. గుర్తు మార్చడం మాత్రం సర్వే రాయి పీకడం లాంటిది. పాత టైంటేబుల్లో ఎ.ఎల్.డి. చూసిన రేపటి పిల్లకు అది ఏ స్టేషనో ఎవరు చెబుతారు?

ఇక అన్నిటికన్నా కొత్తది డిజిపిన్. 2025 మేలో తపాలా శాఖ తెచ్చింది. దీన్ని తయారు చేయడంలో ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి, రెండూ తెలంగాణలోవే. ఎలా చేశారో వింటే ముచ్చటేస్తుంది. దేశమంతటినీ కప్పేలా ఒక పెద్ద చదరం గీశారు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు, పదహారు గళ్ళు చేసి ఒక్కో గడికి ఒక అక్షరమో అంకో ఇచ్చారు. ఒక్కో గడిని మళ్ళీ పదహారు గళ్ళు. అలా పదిసార్లు. పదోసారి మిగిలే గడి ఇంచుమించు నాలుగు మీటర్ల చదరం, మనం సంక్రాంతికి ముగ్గేసే వాకిలంత. ఆ వాకిలికి పది గుర్తుల చిరునామా వచ్చేస్తుంది. జిల్లా మారినా, ఊరి పేరు మారినా, రాష్ట్రం రెండయినా ఆ పది గుర్తులూ అలాగే ఉంటాయి. మా తమ్ముడు మా అరుగు మీద నిలబడి ఫోనులో తీసి పంపితే కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను.

రాసుకున్నాక ఆలోచిస్తే, నాకు దీంతోనూ మనసు నిండలేదు. ఆ గడిలో వేపచెట్టుందో, ఇల్లుందో, నీళ్ళున్నాయో దానికి తెలియదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లి అని ఒక ఊరు ఉండేది. శ్రీశైలం జలాశయం నీళ్ళు వస్తాయని అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ పేర్చారు. గుడి ఇప్పుడు అలంపురంలో ఉంది, జనం కూడవెల్లి సంగమేశ్వరుడనే మొక్కుతారు. డిజిపిన్ కొడితే కూడవెల్లి గడిలో నీళ్ళు వస్తాయి. దేవుడు పేరుతోబాటు గట్టెక్కి వచ్చేశాడు. ముంపు ఊళ్ళ జనమూ అంతే కదా, కొత్త కాలనీలకు పాత ఊరి పేరే పెట్టుకుని ఉంటున్నారు. పేరు మనుషులతో వచ్చేస్తుంది, నంబరు నేల దగ్గరే ఉండిపోతుంది. అందుకే నాకు రెండూ కావాలి.

మనవరాలికి ఫోన్ చేశాను. ‘పుస్తకం తీసుకోవే, చెప్తాను రాసుకో’ అన్నాను. ముందు ఊరి పేరు, మా ముత్తాత దస్తావేజులో ఉన్నట్టే, తెలుగులో. దాని కింద జిల్లాలు నాలుగూ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది పక్కనే. తరవాత జనగణనలో ఊరి సంఖ్య, ఏ జనగణనో సంవత్సరంతో సహా. తరవాత పిన్ను. చివర అరుగు మీద తీసిన డిజిపిన్. ఓపిగ్గా రాసింది పిల్ల. మ్యాపులో ఈసారి సరైన చోట గుచ్చింది. ఇల్లు కనబడిందట, వేపచెట్టు నీడ కూడా కనబడిందట.

‘వీలైతే ఇంకా వెనక్కి వెళ్ళమన్నారు అమ్మమ్మా. ముత్తాతకు ముందు ఎక్కడ ఉండేవాళ్ళు?’

దీనికి జవాబు మా ఇంటిపేరులోనే ఉంది. మీకూ తెలిసిందే, మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే. వేటూరి వారిది వేటూరు, నండూరి వారిది నండూరు. మా పుట్టింటి ఇంటిపేరు కూడా ఒక ఊరిదే. ఏ తరంలోనో ఎవరో ఆ ఊరు విడిచి వచ్చారు, ఊరిని పేరులో కట్టుకుని తెచ్చుకున్నారు. ఆ ఊరు ఏ జిల్లాలోదో మా నాన్నకు తెలియదు, తాతయ్యకూ తెలియదు. చెప్పాను పిల్లకు. వెతికింది. అలాంటి పేరున్న ఊళ్ళు మూడు వచ్చాయి. ఒకటి కృష్ణ ఒడ్డున, ఒకటి నల్లగొండ వైపు, ఒకటి నెల్లూరు దగ్గర.

‘మూడిట్లో ఏది అమ్మమ్మా?’

‘తెలియదే తల్లీ.’

కాసేపు మాట్లాడలేదు. పెన్సిలు గీరిన చప్పుడు వినబడింది. ‘పేరు రాశా. నంబర్ దగ్గర ఖాళీ వదిలేశా. ఎప్పటికైనా దొరికితే నేనే నింపుతా’ అంది.